మా అమ్మ చింతపండు, నా తూటా కేసులు

(డాలస్ శివారులో ఒక లైబ్రరీ గదిలో, తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారమండీ. పోయిన నెల ఇదే గదిలో ఆవకాయ మీద మాట్లాడితే కుర్చీలు చాలలేదు. ఈరోజు ముందు రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. తప్పు మీది కాదు లెండి, సబ్జెక్టే అలాంటిది, పేల్చేసిన తూటాల ఇత్తడి తోమడం. వచ్చినవాళ్ళందరికీ థాంక్స్.

ముందు రెండు మాటలకి అర్థం చెప్పేస్తాను. కేసు అంటే కోర్టు కేసు కాదు, తూటాకి ఉండే ఇత్తడి గొట్టం. టంబ్లర్ అంటే కాఫీ టంబ్లర్ కాదు, ఆ గొట్టాల్ని శుభ్రం చేసే మెషీను. మొదటిసారి మెషీను పార్సిల్ వచ్చినప్పుడు మా ఆవిడ డబ్బా మీద పేరు చదివి, కాఫీ గ్లాసులకి ఇంత పెద్ద డబ్బా ఏంటి అంది.

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. మందంటే ఇక్కడ తుపాకి మందే. పేల్చాక బుల్లెట్ వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది ఇత్తడి. నాలుగింటిలో ఖరీదైనది సాధారణంగా అదే, మళ్ళీ వాడుకోగలిగేదీ అదొక్కటే. అందుకే ఇక్కడ రేంజ్‌లో, అంటే గురి కాల్చే మైదానంలో, పేల్చిన తర్వాత జనం నడుం వంచి ఏరుకుంటూ కనిపిస్తారు. వాటిని తిరిగి నింపుకోవడమే రీలోడింగ్. ఎంత మందు వెయ్యాలి, ఏ బుల్లెట్ పెట్టాలి అన్నది ఈరోజు విషయం కాదు. అది మాన్యువల్ ముందు పెట్టుకుని, తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని. నేను మాట్లాడేది దానికి ముందు మెట్టు గురించి, తోమడం గురించి.

ఇదిగో, ఈ జిప్ సంచిలో ఉన్నది చూడండి. ముట్టుకోవద్దు, సంచిలోంచే చూడండి. ఎందుకో తర్వాత చెప్తాను. ఇది .308 రైఫిల్ కేసు, నిన్న రేంజ్‌లో ఏరింది. మెడ దగ్గర ఒక పక్క మసి నాలుకలాగా సాగింది కదా, అది వేడి గాలి వెనక్కి తన్నినప్పుడు పట్టింది. కింద అడుగున గుండ్రటి గుంటలో పాత ప్రైమర్ ఉంది, మధ్యలో పిన్ను కొట్టిన సొట్ట. దాన్ని పీకితే లోపల కాలిన అట్టు అంచులాంటి పెళుసు పొర కనిపిస్తుంది. ఒంటికి అంటుకున్న ఇసుక రేణువులు కూడా కనిపిస్తున్నాయా? నాకు మసి కన్నా వీటితోనే ఎక్కువ గొడవ.

ఎందుకంటే, పేలినప్పుడు కేసు ఉబ్బుతుంది. దాన్ని సైజింగ్ డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్ళీ కొలతకి తెస్తాం. ఒక్క ఇసుక రేణువు కేసుతోపాటు లోపలికి పోయిందంటే అచ్చు గోడ మీద గీత పడుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కేసు మీదా అదే గీత. పోయేది యాభై సెంట్ల కేసు కాదు, అచ్చు.

తోమడానికి రెండో కారణం, చూడటానికి. మసి పోతేనే మెడ మీద వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. ఇత్తడి ప్రతిసారీ ఉబ్బి, నొక్కులు తిని గట్టిపడుతుంది, ఒక రోజు మూతి దగ్గర చీలుతుంది. అది ఖాళీగా ఉన్నప్పుడే దొరికిపోవాలి. ఇంకో ప్రమాదం అడుక్కి కాస్త పైన ఉంటుంది. అక్కడ లోహం సాగి సాగి పలచనవుతుంది. బయట చుట్టూ సన్నటి మెరిసే గీత కనిపిస్తే ఆ కేసు పని అయిపోయినట్టే. కానీ బాగా పాలిష్ పెడితే కేసంతా మెరుస్తుంది, ఆ గీత అందులో కలిసిపోతుంది! అందుకని నేను పేపర్ క్లిప్ ఒకటి సాగదీసి, కొన ఎల్ ఆకారంలో వంచి, లోపలికి పెట్టి అడుగు నుంచి మెల్లగా పైకి లాగుతాను. నున్నగా వస్తే సరే. ఒకచోట గోరు తట్టుకున్నట్టు టక్కున ఆగిందంటే లోపల గాడి పడిందన్నమాట. దాన్ని ప్లయర్‌తో నలిపేసి తుక్కులో వేస్తాను. నలపకుండా వేస్తే రేపు నేనే మళ్ళీ మంచిదనుకుని ఏరుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

సరే, తోమడానికి వద్దాం.

తోమే ముందు వేరుచేయాలి. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూడాలి, పేలని తూటా ఒక్కటి కూడా కలిసి ఉండకూడదు. అయస్కాంతం తిప్పితే ఉక్కు కేసులు అంటుకుని బయటికొస్తాయి. సైజులు కలిపి వేశారంటే 9 ఎంఎం కేసు వెళ్ళి .40లో దూరుతుంది, ఆ .40 వెళ్ళి .45లో కూర్చుంటుంది. మన పెళ్ళిళ్ళలో గ్లాసులో గ్లాసు ఇరుక్కున్నట్టు. మూడు గంటలు తిప్పినా మధ్యలోదానికి నీళ్ళే తగలవు.

పాత పద్ధతి పొడిది. వైబ్రేటరీ టంబ్లర్ అంటే ఒక గిన్నె, కింద మోటరు, గిన్నె వణుకుతూ ఉంటుంది. అందులో దంచిన అక్రోటు పెంకులు గానీ, ఎండిన మొక్కజొన్న బెండు నలిపిన రవ్వ గానీ పోస్తారు. అక్రోటు గరుకు, మసిని త్వరగా గీకుతుంది. మొక్కజొన్న మెత్తన, మెరుగు పెడుతుంది. ఈ అక్రోటు పొడి పెంపుడు జంతువుల షాపుల్లో కూడా దొరుకుతుంది, బల్లుల్ని పెంచుకునేవాళ్ళు తొట్లో పరుపులాగా వేస్తారట. బల్లి మీద పడితే శాస్త్రం వెతుక్కునే మనవాళ్ళకి ఆ షాపులో నిలబడటమే ఒక అనుభవం. రెండు, మూడు గంటలు తిప్పితే కేసులు చక్కగా వస్తాయి. లోపలా, ప్రైమర్ గుంటలోనూ మాత్రం పూర్తిగా పోదు. పోకపోయినా చాలామందికి ఫరవాలేదు, నాకూ ఫరవాలేదు.

కొత్త పద్ధతి తడిది. అడ్డంగా తిరిగే డ్రమ్ములో కేసులు, నీళ్ళు, నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, వాటితోపాటు స్టెయిన్‌లెస్ స్టీల్ సూదులు. సూదులంటే కుట్టేవి కాదు, ఒకటీ పాయింట్ రెండు మిల్లీమీటర్ల మందం, ఆరున్నర మిల్లీమీటర్ల పొడవు ఉండే చిన్న తీగ ముక్కలు. ముందే ప్రైమర్ పీకేస్తే అవి గుంటలోకి కూడా దూరి గీకుతాయి. పేలని ప్రైమర్ ఉంటే మాత్రం దాన్ని పీకే పని పెట్టుకోవద్దు. రెండు గంటల తర్వాత మూత తీస్తే నీళ్ళు బొగ్గు కలిపినట్టు నల్లగా, కేసులు కంసాలి కొట్లోంచి తెచ్చినట్టు ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్ళు ఫోటో తీసి పదిమందికి పంపకుండా ఉండలేరు. నేనూ పంపాను.

ఆ మోజు తగ్గాక తలనొప్పులు తెలుస్తాయి. కేసు అడుగున నిప్పు పోయే ఫ్లాష్ హోల్ అనే బెజ్జం సుమారు రెండు మిల్లీమీటర్లు. ఒక సూది దూరితే జారిపోతుంది. రెండు ఒకేసారి దూరితే రెండూ కలిపి రెండు పాయింట్ నాలుగు, అక్కడే బిగుసుకుంటాయి. కాబట్టి ప్రతి కేసునీ వెలుతురుకి ఎత్తి ఆ బెజ్జంలోంచి చూడాల్సిందే. ఇంకొకటి, అతిగా తిప్పితే కేసుల మూతులు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు దళసరిగా ముడుచుకుంటాయి. ఇంకా ఒకటి, మెడ లోపల మరీ కడిగిన పళ్ళెంలా అయితే బుల్లెట్ దిగేటప్పుడు ఇత్తడిని పట్టుకుని కిర్రుమంటుంది. సన్నటి మసి పొర ఉంటే అది జారుడుగా పనిచేస్తుంది. అందుకే పోటీల్లో దూరపు గురి కొట్టేవాళ్ళలో కొందరు మెడ లోపలి మసిని కావాలనే ఉంచుకుంటారు. ఎంత తళతళలాడితే అంత మంచిదని నేను మూడేళ్ళు నమ్మాను. ఇప్పుడు నమ్మను.

ఇక్కడ మా అమ్మ వస్తుంది కథలోకి.

అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలుంది. ఒక రోజు గ్యారేజీలోకి వచ్చి, బకెట్లో కడిగి పెట్టిన కేసులు చూసి, "ఇంత బుల్లి చెంబులు ఏం చేసుకుంటార్రా?" అంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటి తీసి చూసి, "దీనికింత మెషీనా? చింతపండు లేదూ?" అని లోపలికెళ్ళి, నిమ్మకాయంత చింతపండూ, కాస్త ఉప్పూ తెచ్చింది. కొబ్బరి పీచు అడిగింది, టెక్సాస్‌లో ఎక్కడ తేను? స్పాంజి ఇచ్చాను. రెండు నిమిషాల్లో ఆ కేసు బంగారంలా వచ్చింది. కొత్తేమీ లేదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నా డ్రమ్ములో సిట్రిక్ ఆమ్లం. రెండూ చిలుముని, అంటే రాగి ఆక్సైడుని కరిగిస్తాయి. అక్కయ్య పెళ్ళిలో ఇచ్చిన బిందెకి పనిచేసిందే దీనికీ పనిచేస్తుంది.

నాకు పౌరుషం వచ్చింది. ఆ వారం నిమ్మ ఉప్పు రెండు చెంచాలు దండిగా వేసి, కేసులు అందులో నానబెట్టి, ఆఫీసు పనిలో పడి రాత్రంతా మర్చిపోయాను. పొద్దున చూస్తే నాలుగు వందల కేసులు గులాబీ రంగు! రాగి చెంబుల్లా ఉన్నాయి. తూటా ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే పైపొరలోంచి జింక్ ముందు కరిగిపోతుంది, కరిగిన రాగి కూడా కొంత మళ్ళీ పైనే పేరుకుంటుంది. అమ్మ చూసి, "చింతపండు రాసి మర్చిపోతే ఎర్రబడుతుందని ఆ మాత్రం తెలీదా?" అంది. ఎంటెక్ చదివించిన తల్లి అన్న మాట అది. పైపైన ఎరుపెక్కి, రుద్దితే పోయేది పెద్ద నష్టం కాదంటారు. నావి రాత్రంతా ఉన్నాయి కాబట్టి రిస్కు ఎందుకని రెండు తప్ప అన్నీ తుక్కుకి వేశాను. ఇప్పుడు నా కొలత ఒకటే. మొత్తం డ్రమ్ముకి ఒక 9 ఎంఎం ఖాళీ కేసులో పట్టినంత నిమ్మ ఉప్పు. ఇక్కడ చాలామంది రీలోడర్లది ఇదే కొలత, నా సొంతం కాదు. తిప్పడం అవగానే మంచినీళ్ళతో రెండుసార్లు కడుగుతాను.

ఆమ్లంతో పోయేది డబ్బే. అమోనియాతో వ్యవహారం వేరు. ఇది మన దేశంలో బయటపడిన సంగతి, అందుకని కొంచెం ఆగి చెప్తాను.

బ్రిటిష్ కాలంలో ఇండియాలో సైన్యం దగ్గర ఇత్తడి తూటాలుండేవి. వానాకాలంలో కదలికలు తక్కువ, తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేవాళ్ళు. వానలు వెలిశాక తీస్తే కేసులు పగిలి ఉండేవి. ఎవరూ పేల్చలేదు, ఎవరూ కొట్టలేదు, పెట్టినవి పెట్టినట్టే పగిలాయి. సీజన్‌లో పగులుతున్నాయి కాబట్టి సీజన్ క్రాకింగ్ అన్నారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్ వాళ్ళ పరిశోధనతో తేలింది. కేసుని రేకుబిళ్ళ నుంచి గిన్నెలా నొక్కి, గొట్టంలా సాగదీసి తయారుచేస్తారు. ఆ సాగదీసిన బిగువు లోహంలోనే ఉండిపోతుంది. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా, తేమ, రాగి కలిశాయంటే లోహపు రేణువుల మధ్య సందుల్లోంచి తినుకుంటూ పోతుంది. లోపల బిగువు ఎలాగూ లాగుతూనే ఉంది, ఇంకేం, పగులు. బిగువు ఒక్కటే ఉన్నా పగలదు, అమోనియా ఒక్కటే ఉన్నా ఇలా పగలదు. రెండూ కలవాలి. అందుకే కేసుల్ని తగుమాత్రం వేడిచేసి ఆ బిగువు తీసెయ్యడం విరుగుడుగా దొరికింది.

ఇప్పటికీ ఆ వేడి గుర్తు చూడొచ్చు. ఇదిగో, ఇది కడిగినదే, ముట్టుకోవచ్చు. అడుగున ఎల్‌సి అని ఉంది, మిస్సోరిలో ఉన్న లేక్ సిటీ ఆర్మీ ఫ్యాక్టరీది. కొత్తగా ఉన్నప్పుడు దీని మెడ మీద నెమలి మెడలాంటి నీలి, ఊదా ఛాయ ఉంటుంది. వేడి పెట్టారనడానికి అది సాక్ష్యం, సైన్యం దాన్ని తుడవకుండా ఉంచుతుంది. బజారులో అమ్మే తూటాలకీ వేడి పెడతారు, కాకపోతే అందం కోసం ఆ మరక పాలిష్ చేసేస్తారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, షాపుల్లో దొరికే ఇత్తడి పాలిష్ ద్రవాలు చాలావాటిలో అమోనియా ఉంటుంది. దేవుడి గదిలో దీపపు కుందికి రాస్తే ఏం కాదు, దాంట్లో ఏమీ పేలదు. మనిషి ముఖానికి అడుగు దూరంలో పేలే ఇత్తడికి మాత్రం వద్దు. సీసా వెనక చదవండి, లేదా మూత తీసి వాసన చూడండి, ముక్కు చెప్పేస్తుంది. గాజు అద్దాలు తుడిచే ద్రవాలు కొన్నిటిదీ అదే సంగతి.

ఇప్పుడు జిప్ సంచి సంగతి. నవ్వుతూ చెప్పలేను దీన్ని.

మామూలు ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్‌నేట్ అనే సీసం సమ్మేళనం ఉంటుంది. పేలాక ఆ సీసం మసిలోనే మిగులుతుంది. బుల్లెట్ లోపలి సీసం అడుగున కప్పకుండా తెరిచి ఉంటే అదీ కలుస్తుంది. అంటే మనం తోమేది ఉత్తి మసి కాదు. పొడి టంబ్లర్ దాన్ని ధూళి చేసి గాల్లోకి లేపుతుంది. నేను రెండేళ్ళు నా టంబ్లర్‌ని గ్యారేజీలో, బట్టలుతికే మెషీను పక్కనే మూత సరిగా లేకుండా తిప్పాను. చివర్లో జల్లెడ పట్టేటప్పుడు పొగలా లేచేది, అరచేత్తో విసురుకునేవాణ్ణి. ఒక ఏడాది మామూలు హెల్త్ చెకప్‌లో, ఎవరో చెప్పారని సీసం పరీక్ష కూడా రాయించుకున్నాను. ఉండాల్సినదాని కన్నా ఎక్కువ వచ్చింది. డాక్టరుగారు ఫోన్ చేసి మొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని. మా వాడికి అప్పుడు మూడేళ్ళు. వాడి బొమ్మ కారు ఆ గ్యారేజీలోనే ఉండేది.

వాడి రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు పడిన టెన్షన్ మీకు చెప్పలేను. ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లలకి పెట్టుకున్న గుర్తు డెసిలీటరు రక్తానికి మూడున్నర మైక్రోగ్రాములు. అంతవరకూ ఫరవాలేదని దాని అర్థం కాదు. పిల్లలకి ఇంత సీసం పరవాలేదు అనే లెక్కే లేదు. మా వాడిది దానికి కిందే వచ్చింది. ఆ సాయంత్రమే పొడి టంబ్లర్ తీసి అవతల పెట్టేశాను.

అందుకే ఇప్పుడు నేను తడి పద్ధతిలోనే ఉన్నాను. మెరుపు కోసం మొదలుపెట్టాను, ధూళి లేదని కొనసాగిస్తున్నాను. ఆ నల్లనీళ్ళలో సీసం ఉంటుంది కాబట్టి కరివేపాకు మొక్కకి పొయ్యను, వంటింటి సింకులో పొయ్యను. డబ్బాలో పట్టి మా ఊరి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇస్తాను. చేతికి గ్లవ్స్. పనిలో వేసుకున్న బట్టలు వేరేగా ఉతకాలి. పని చేస్తున్నంతసేపూ టీ, పకోడీ బంద్. పొడిదే వాడేవాళ్ళు బయట వరండాలో, మూత బిగించి, మాస్కు పెట్టుకుని చెయ్యండి. తడి గుడ్డ ముక్క ఒకటి పెంకుల్లో వేస్తే ధూళి కొంత దానికి పట్టుకుంటుంది, ఆ గుడ్డ తీసి పారెయ్యండి. పెంకులు నల్లబడితే లోభం వద్దు, మార్చేయండి.

ఆరబెట్టడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన ఊరి ఎండలాంటి ఎండే ఇక్కడా, పాత టవల్ మీద వడియాల్లా పరిస్తే సాయంత్రానికి ఆరతాయి. ప్రైమర్ గుంట చివర ఆరుతుంది, అక్కడ తడి ఉంటే కొత్త ప్రైమర్, మందు చెడతాయి. తొందరపడి గట్టిగా వేడి పెట్టొద్దు, అడుగు మెత్తబడితే ఆ కేసు పేలుడు తట్టుకోలేదు. వంటింటి ఓవెన్ మాట అసలు ఎత్తొద్దు, కారణం చెప్పాను కదా.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండి మావయ్యగారూ.

(సభలోంచి: "డిష్‌వాషర్‌లో వేస్తే ఒక్కసారే అయిపోతుంది కదా, బాబూ?")

అయిపోతుందండీ, ఆ తర్వాత అదే డిష్‌వాషర్‌లో మనవడి పాలగ్లాసు కడుగుతారు. వద్దు.

(ఒక యువకుడు: "అల్ట్రాసోనిక్ క్లీనర్ ఎలా ఉంటుందన్నా?")

కళ్ళజోళ్ళ షాపులో చూస్తావే, అదే. నీళ్ళలో శబ్దతరంగాలతో సన్నటి బుడగలు పుట్టి పగులుతుంటాయి, ఆ దెబ్బకి మురికి ఊడుతుంది. మూలల్లో బాగా పోతుంది, సూదులు ఇరుక్కునే బాధ లేదు. కానీ కుక్కి పెడితే పని చెయ్యదు, ఒకసారికి కొన్నే పడతాయి. మెరుపు కూడా అంతగా రాదు, మసకగా వస్తాయి. నువ్వు నెలకి యాభై కాలిస్తే అది చాలు తమ్ముడూ.

(ఒక మహిళ: "అసలు తోమకపోతే ఏమవుతుందండీ?")

మంచి ప్రశ్న. నేల మీద పడకుండా పట్టుకున్న కేసయితే, బయట గుడ్డతో తుడిచి, మూతి చూసుకుని, అలాగే వాడేవాళ్ళు నాకు తెలుసు. పేలడంలో పెద్ద తేడా రాదు. ఒక్క మినహాయింపు, పాతకాలం సైన్యపు తూటాలు. వాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది, పేలాక అది ఉప్పుగా మిగులుతుంది. ఉప్పు తేమని పీలుస్తుంది, తుప్పు పట్టిస్తుంది. అలాంటివి కాలిస్తే కేసులకీ తుపాకికీ కూడా ఆ రోజే నీళ్ళు తగలాలి.

(ఇంకొకరు: "ఇండియా వెళ్ళేటప్పుడు ఒకటి కీచైన్‌కి పెట్టి పట్టుకెళ్దామనుకుంటున్నా.")

పట్టుకెళ్ళకండి. 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అన్న మాటకిచ్చిన నిర్వచనంలో దాని భాగాలు కూడా ఉన్నాయి. ఖాళీదే సార్ అని శంషాబాద్‌లో స్కానర్ దగ్గర వాదించుకుంటూ కూర్చోవాలి. అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు నింపడం ఎలాగూ నేరమే. ఆ హాబీని ఇక్కడే వదిలి ఫ్లైట్ ఎక్కండి. లేకపోతే కేసు అంటే నిజంగానే కోర్టు కేసు అవుతుంది.

(నవ్వులు)

కడిగిన కేసులు ఆ బల్ల మీద ఉన్నాయి, గులాబీ రంగువి కూడా రెండు దాచాను, చూడండి. బాత్రూమ్ ఎడమవైపు చివర్లో ఉంది. కేసులు ముట్టుకున్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సమోసాల దగ్గరికి రావాలి, అక్కడ మా ఆవిడ నిలబడి ఉంది.